జన్యు రిపోర్టు చదవడం – 4వ పాఠం: మూడు రెట్లు వేరు, మూడు వంతులు వేరు

పోయిన పాఠంలో హెచ్‌ఎల్‌ఏ-డీఆర్‌బీ1*15:01 రకం (రోగనిరోధక శక్తికి సంబంధించిన ఒక జన్యువులోని రకం) ఉన్నవాళ్లకు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్ – మన రోగనిరోధక శక్తే మెదడు, వెన్నుపాముల్లోని నరాల పైపొరను దెబ్బతీసే జబ్బు) వచ్చే అవకాశం సుమారు మూడు రెట్లని రాసి ముందుకెళ్లిపోయాను. అక్కడ ఆగాల్సింది. హన్మకొండ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. "సార్, మా అక్కకు ఎంఎస్ ఉంది. నా రిపోర్టుల ఆ రకం వచ్చింది. మూడొంతులు నాకూ వస్తదన్నట్టే గదా? పెండ్లి సంబంధం ఆపమని ఇంట్ల చెప్పిన."

అందుకే ఈసారి చెప్పాల్సిన ఐఎల్7ఆర్ (ఎంఎస్‌తో ముడిపడిన మరో జన్యువు) పాఠం వచ్చేసారికి.

మూడు వంతులంటే నాలుగింట మూడు. మూడు రెట్లంటే దేనికి మూడు రెట్లు? ఆ 'దేనికి' తెలియకుండా రిపోర్టులో తర్వాతి లైను చదవొద్దు. నేనైతే శాతాలు చూడను, లక్ష మందిని కాగితం మీద పెట్టుకుంటాను. ఆ రకం లేనివాళ్లు లక్షలో 10 మందికి జబ్బు ఉందనుకోండి. ఉన్నవాళ్లు లక్షలో 30 మందికి. మిగిలిన 99,970 మందికి లేదు. ఎనుమాముల మార్కెట్లో లక్ష మిర్చి బస్తాల్లో పదికి బదులు ముప్పై తడిశాయంటే సరుకంతా పోయిందని ఎవరూ అనరు కదా!

అక్కకు జబ్బు ఉంది కాబట్టి ఆ అమ్మాయి లెక్క కొంచెం పెద్దది. పాశ్చాత్య దేశాల లెక్కల్లో రోగి తోబుట్టువుల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి వస్తుంది. అంటే 97, 98 మందికి రాదు. జన్యువులన్నీ ఒకటే అయిన కవలల్లో ఒకరికి వస్తే రెండోవారికి వచ్చేది కూడా సుమారు నాలుగింట ఒకసారే. మిగతా పాత్ర ఎప్‌స్టీన్-బార్ వైరస్, పొగతాగడం, విటమిన్ డి లోపం వంటివాటిది.

ఇంకో మాట. 2019లో వచ్చిన పెద్ద అధ్యయనం ఎంఎస్‌తో ముడిపడిన 233 జన్యు గుర్తులను తేల్చింది, కానీ అందులో చూసినవాళ్లు దాదాపు అందరూ యూరప్ మూలాలవాళ్లే. మన రిపోర్టుల్లో ఆ అంకెలను ఉన్నవి ఉన్నట్టు దించేస్తే నాకు కోపం వస్తుంది.

అభ్యాసం: లక్ష మందిలో 30,000 మందికి ఆ రకం ఉంది. లేనివాళ్లలో వెయ్యికి ఒకరికి జబ్బు, ఉన్నవాళ్లలో వెయ్యికి ముగ్గురికి. మొత్తం రోగుల్లో ఆ రకం లేనివాళ్లెందరు? క్యాలిక్యులేటర్ వద్దు, కాగితం మీద చేసి పంపండి.