ఎక్కలేదని రెండోది వెయ్యొద్దు: పరుగు పరీక్షకు వెళ్లేవాళ్లకు కేఫీన్ జాగ్రత్తలు

పరుగులో కుర్రాడు కుప్పకూలాడన్న వార్త వచ్చినప్పుడల్లా ఎండ అంటాం, ఖాళీ కడుపు అంటాం. జేబులో కేఫీన్ మాత్రలెన్ని ఉన్నాయో ఎవరూ చూడరు. కళింగపట్నం ఇసకలోనో, విజయనగరం రోడ్ల మీదో తెల్లారగట్ల 1600 మీటర్లు సాధన చేస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! నీళ్లు తాగండి, నిద్రపోండి అని మీకు వేరే చెప్పక్కర్లేదు. ఒక్కటి మాత్రం వినండి. ఎక్కలేదని రెండో డోసు వెయ్యొద్దు.

ఎందుకంటే

కేఫీన్ రక్తంలో పూర్తిగా చేరడానికి అరగంట నుంచి గంట పడుతుంది. పావుగంటకి ఏమీ తెలియదు. మాత్ర పనిచెయ్యలేదేమోనని ఇంకోటి మింగుతారు. సరిగ్గా పరుగు మధ్యలో రెండూ కలిసి పైకొస్తాయి. పరీక్షలో మీ బ్యాచ్‌ని పిలవడం ఆలస్యమైనప్పుడూ ఇదే తప్పు. చాలామందిలో సగం కేఫీన్ కరగడానికే దాదాపు 5 గంటలు కావాలి. 3 గంటలకు 200 మిల్లీగ్రాములు వేసుకుంటే 8 గంటలకు ఇంకా 100 ఒంట్లోనే ఉంటుంది. దాని మీద మరో 200 పడితే 300 అవుతుంది.

పైగా కేఫీన్ అలసటని తగ్గించదు. అలసిపోయావని మెదడుకు చెప్పే అడినోసిన్‌ని అడ్డుకుంటుంది, అంతే. మన తీరంలో ఏప్రిల్, మే ఉక్కకి చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. అయినా ఆగాలనిపించదు. ప్రమాదం అక్కడుంది.

ఎంత

కిలో బరువుకి 3 మిల్లీగ్రాములు చాలు. 60 కిలోలవాళ్లకి 180. పరుగుకి గంట ముందు, ఒక్కసారే. కిలోకి 6 మిల్లీగ్రాములు దాటితే వేగం పెరగదు, వణుకు పెరుగుతుంది. 250 మిల్లీలీటర్ల ఎనర్జీ డ్రింకులో సుమారు 75 మిల్లీగ్రాముల కేఫీన్ ఉంటుంది. వ్యాయామానికి ముందు కలుపుకుని తాగే ప్రీ వర్కవుట్ పొడి ఒక్క స్కూపులోనే 150 నుంచి 300 దాకా ఉండొచ్చు. డబ్బా మీద చదవండి. వచ్చే లాభం 2 నుంచి 4 శాతం. 5 నిమిషాల 45 సెకన్ల పరుగులో 2 శాతం అంటే 7 సెకన్లు. దానికోసం గుండెని పణం పెడతారా?

పరీక్ష రోజు మొదటిసారి వాడొద్దు. సాధనలో రెండు మూడుసార్లు చూసుకోని వస్తువు ఆ రోజు నోట్లో పెట్టొద్దు. కాఫీ, డ్రింకు, మాత్ర కలపొద్దు, మూడూ ఒకే లెక్కలోకొస్తాయి. కొన్ని తలనొప్పి, జలుబు మాత్రల్లోనూ కేఫీన్ ఉంటుంది. విడిగా అమ్మే కేఫీన్ పొడి ముట్టుకోవద్దు, ఒక్క టీస్పూనే ప్రాణం తియ్యగలదు. పొడిని నీళ్లు లేకుండా నోట్లో పోసుకోవద్దు. ఖాళీ కడుపుతో వద్దు, చోడి అంబలో, అరటిపండో పడాలి. 18 ఏళ్లలోపువాళ్లు అసలు వద్దు. ఇంట్లో చిన్నవయసులో హఠాత్తుగా పోయినవాళ్లుంటే వద్దు, ముందు ఈసీజీ తీయించుకోండి. జ్వరం వచ్చి వారం కాలేదా, పరుగే వద్దు. రాష్ట్ర స్థాయి ఆటగాళ్లూ, కేఫీన్ 2004 నుంచి డోపింగ్ నిషేధిత జాబితాలో లేదు, కానీ డబ్బాలో కలిసిన మిగతావాటికి మీరే జవాబుదారీ.

ఎక్కలేదా? ఊరుకోండి. రెండోది వెయ్యొద్దు. పక్కవాడిచ్చినా వెయ్యొద్దు.

ఛాతీలో పట్టేసినా, గుండె తప్పి తప్పి కొట్టుకుంటున్నా, కళ్లు చీకట్లు కమ్మినా ఆగిపోండి. పడిపోయినవాడి నోట్లో నీళ్లు పొయ్యొద్దు, ఒంటి మీద పొయ్యండి. ఊపిరి ఆగితే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ 108కి చెయ్యండి. ఏం వేసుకున్నాడో, ఎన్నింటికి వేసుకున్నాడో దాచకుండా చెప్పండి, ఖాళీ స్ట్రిప్పు కూడా వాళ్ల చేతికియ్యండి.