జెనరిక్ టైపులకు ఎడిటర్‌లో వేరే రంగు పెట్టుకోవడం ఎలా?

నల్లగొండ మార్కెట్‌కు వచ్చే బత్తాయి లోడ్ల లెక్క జావాలో రాస్తున్నారనుకోండి. మండలం పేరు ఇస్తే అక్కడి లోడ్లన్నీ రావాలి. టైపు ఇలా ఉంటుంది:

మ్యాప్<స్ట్రింగ్, లిస్ట్<లోడ్>>

ఇదే క్లాసు రేపు నకిరేకల్ నిమ్మకాయలకూ పనికిరావాలని లోడ్ తీసేసి టి పెట్టారు. చిక్కు అక్కడే మొదలవుతుంది. చాలా థీముల్లో స్ట్రింగ్‌కూ టికీ ఒకటే రంగు. స్ట్రింగ్ నిజంగా ఉన్న క్లాసు. టి మాత్రం, వాడేవాళ్లు ఇచ్చే టైపు కోసం ఖాళీగా ఉంచిన చోటు. ఇలా టైపును తర్వాత నింపేలా రాసే పద్ధతే జెనరిక్స్. 2004లో జావా 5తో వచ్చిన దీన్ని కొత్తగా నేర్చుకునే పిల్లలకు ఈ తేడా కంటికి కనబడాలి. వీఎస్ కోడ్ ఎడిటర్‌లో ఇది తేలికే.

ముందు లోపం ఎక్కడుందో చూడండి. కంట్రోల్, షిఫ్ట్, పి కలిపి నొక్కి, 'ఇన్‌స్పెక్ట్ ఎడిటర్ టోకెన్స్ అండ్ స్కోప్స్' కమాండ్ ఎంచుకోండి. కర్సర్ టి మీద పెడితే చిన్న పెట్టె తెరుచుకుంటుంది. అందులో 'సెమాంటిక్ టోకెన్ టైప్' వరుస లేదంటే, రంగులు వేస్తున్నది టెక్స్ట్‌మేట్ గ్రామర్ ఒక్కటే. అది రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల పట్టిక. < కనిపిస్తే 'కంటే తక్కువ' గుర్తా, జెనరిక్ బ్రాకెట్టా అన్నది చుట్టూ ఉన్న అక్షరాలను చూసి ఊహించాలి. చివరి >> సంగతీ అంతే: రెండు బ్రాకెట్లు మూసినట్టు కావచ్చు, బిట్లను కుడికి జరిపే షిఫ్ట్ కావచ్చు. టిని ఎక్కడ డిక్లేర్ చేశారో దానికి తెలిసే దారే లేదు. అందుకే గ్రామర్ తిరగరాయడానికి దిగకండి, శ్రమ దండగ.

తెలిసేది లాంగ్వేజ్ సర్వర్‌కు, అంటే వెనకాల ఉండి కోడ్ అర్థాన్ని చదివి ఎడిటర్‌కు చెప్పే ప్రోగ్రాముకు. రెడ్ హ్యాట్ వాళ్ల జావా ఎక్స్‌టెన్షన్ వేసుకోండి. సెట్టింగ్స్‌లో 'సెమాంటిక్ హైలైటింగ్' (అర్థాన్ని బట్టి రంగులు వేయడం) వెతికి ట్రూ చేయండి. 'కాన్ఫిగర్డ్ బై థీమ్' అని వదిలేస్తే, థీమ్ ఒప్పుకుంటేనే పనిచేస్తుంది. ప్రాజెక్టు తెరవగానే రంగులు రాలేదని కంగారుపడొద్దు, సర్వర్ ఫైళ్లన్నీ చదివేదాకా ఆగాలి.

ఇక రంగు. యూజర్ సెట్టింగ్స్ జేసన్ ఫైలు తెరిచి, 'సెమాంటిక్ టోకెన్ కలర్ కస్టమైజేషన్స్' కింద 'రూల్స్', అందులో 'టైప్‌పారామీటర్' రాయండి. మొదటి అక్షరాలు కొడితే మిగతాది ఎడిటరే చూపిస్తుంది. తెల్లని థీముకు #008080, నల్లని థీముకు #999900 బాగుంటాయి. రంగుతో ఆగకుండా 'ఇటాలిక్' కూడా ట్రూ చేయండి. ల్యాబు ప్రొజెక్టర్ మీద రంగులు వెలిసిపోతాయి, వాలిన అక్షరం మాత్రం చివరి బెంచీకీ కనిపిస్తుంది. రంగులు తేడా పట్టలేని కళ్లకూ అదే ఆసరా.

పాత సిస్టములో ర్యామ్ తక్కువై సర్వర్ ఈడుస్తుంటే దాన్ని ఆపేయండి. 'టోకెన్ కలర్ కస్టమైజేషన్స్' కింద 'టెక్స్ట్‌మేట్ రూల్స్'లో, ఇన్‌స్పెక్టర్ చూపించిన స్కోప్ పేరు (ఆ గుర్తుకు గ్రామర్ పెట్టిన పేరు) రాసి < > గుర్తులకైనా వేరే రంగు ఇవ్వండి. టి, స్ట్రింగ్ విడిపోవు గానీ, ఏ బ్రాకెట్ జెనరిక్‌దో తెలుస్తుంది.

మార్చాక టి మీద మళ్లీ ఇన్‌స్పెక్టర్ తెరవండి. సెమాంటిక్ వరుసలో 'టైప్‌పారామీటర్', కింద మీరిచ్చిన రంగు కనిపిస్తే పని అయినట్టే.