బరువు బండికి కొత్త టైర్లు – 3వ పాఠం: టైరు ఎక్కించడం

పోయిన పాఠంలో మన బరువైన మోటార్‌సైకిల్ చక్రం ఊడదీసి పక్కన పెట్టాం. టైరు కొనేశారా? ఇంకా కొనకపోతే ఇంకో రెండు మాటలు విని వెళ్లండి.

2018 నుంచి వచ్చిన హోండా గోల్డ్ వింగ్ అయితే వెనక టైరు పక్కగోడ మీద 200/55 ఆర్ 16, 77 హెచ్ అని, ముందు టైరు మీద 130/70 ఆర్ 18, 63 హెచ్ అని ఉంటుంది. అందరూ ఆ 200 (మిల్లీమీటర్లలో వెడల్పు) చూసి మురిసిపోయి అక్కడే ఆగిపోతారు. కొనేటప్పుడు వేలు పెట్టి చూడాల్సింది 77 మీద. అది బరువు సూచిక. 77 ఉన్న టైరు సరైన గాలితో 412 కిలోలు మోస్తుంది, 63 ఉన్నది 272 కిలోలు. బండే 380, 390 కిలోల దగ్గర ఉంటుంది. దాని మీద మీరు, వెనక సీట్లో మీ ఆవిడ, పెట్టెల నిండా సామాను వేసుకుని శ్రీశైలం బయల్దేరితే మొత్తం 550 దాటిపోతుంది, అందులో ఎక్కువ బరువు వెనక టైరు మీదే. షాపులో "సైజు అదే సార్, ఫిట్ అయిపోతుంది" అంటూ 73 ఉన్న టైరు చూపిస్తే తీసుకోకండి. సైజు అదే అయినా అది మోసేది 365 కిలోలే.

హార్లీ టూరింగ్ బండ్లలో మధ్యలో ఆర్ బదులు బి ఉంటుంది, ఉదాహరణకి వెనక 180/65 బి 16, 81 హెచ్. ఆర్ అంటే రేడియల్, లోపలి దారాలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకి నేరుగా పోతాయి. బి అంటే బెల్టు వేసిన బయాస్, అందులో దారాలు ఏటవాలుగా పోతాయి. కంపెనీ ఒప్పుకుంటే తప్ప ముందొక రకం, వెనకొక రకం కలపొద్దు. ఇక ఈ సైజులు మన హైదరాబాద్ పుట్లీబౌలీలో కొట్టు ముందు వేలాడుతూ కనిపించేవి కావు, ఆర్డర్ మీద వస్తాయి, కొన్నిసార్లు గోడౌన్‌లో చాలాకాలం పడి ఉండి వస్తాయి. అందుకే డబ్బు ఇచ్చే ముందు పక్కగోడ మీద DOT అనే అక్షరాలతో మొదలయ్యే డాట్ కోడ్ చివరి నాలుగంకెలు చూడండి. 2324 అంటే 2024లో 23వ వారం తయారైంది. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న టైరుకి కొత్త టైరు రేటు ఎందుకివ్వాలి?

సరే, ఇప్పుడు పని.

ఇంతకాలం పంక్చర్ షాపులో చూసిన పద్ధతి మర్చిపోండి. రెండు పొడుగు లీవర్లు దూర్చి, కాలు అదిమిపెట్టి, పళ్లు బిగబట్టి లాగడం స్కూటర్ రేకు రిమ్ము మీద నడుస్తుంది, అల్లాయ్ మీద కాదు. అంచు కాస్త వంగినా, లోతుగా గీత పడినా ట్యూబ్‌లెస్ టైరులో గాలి నిలవదు. అసలు ఈ పనికి బలం అక్కర్లేదు. టైరు లోపలి అంచులో ఉక్కు తీగ ఉంటుంది, దాన్నే బీడ్ అంటారు. అది సాగదు, ఎంత లాగినా సాగదు. కానీ రిమ్మును అడ్డంగా కోసినట్టు ఊహించుకుంటే, బీడ్ కూర్చునే చోట్లు రెండు పక్కలా ఎత్తుగా, మధ్యలో లోయలా ఉంటుంది. ఒక పక్క బీడ్‌ను ఆ లోయలోకి తొక్కితే ఎదురు పక్క అంత వదులు దొరుకుతుంది, ఆ వదులుతోనే బీడ్ అంచు దాటుతుంది. లాడ్ బజార్‌లో చేతికి గాజు ఎక్కించేవాళ్లు గాజును సాగదీయరు, చెయ్యి ముడుస్తారు, ఇదీ అంతే.

పాత టైరు ముందు. వాల్వ్ లోపలి పిన్ను తీసేసి గాలి పూర్తిగా పోనివ్వండి. చక్రాన్ని నేల మీద పడేయకండి, డిస్క్ వంకర పోతుంది. ముందు చక్రానికి రెండు పక్కలా డిస్కులుంటాయి కాబట్టి పాత కారు టైరు మీదో, చెక్క దిమ్మల మీదో పెట్టండి, వీలైతే డిస్కులు విప్పేయండి. బీడ్‌ను కూర్చున్న చోటు నుంచి కదపడానికి బీడ్ బ్రేకర్ కావాలి. రాణీగంజ్ పనిముట్ల కొట్లలో అడగండి, దొరక్కపోతే పెద్ద సి క్లాంపుతో నెమ్మదిగా బిగించుకుంటూ పోయినా కదులుతుంది. రెండు పక్కలా కదలాలి. గాలి పీడనం చెప్పే సెన్సర్ ఉన్న బండ్లలో ఆ సెన్సర్ వాల్వ్ కిందే ఉంటుంది, అక్కడ మాత్రం నొక్కొద్దు. పగిలిందంటే టైరు ఖర్చుకు తోడు ఇంకో బిల్లు.

తర్వాత సబ్బు నీళ్లు. బీడ్ చుట్టూ చిక్కగా పట్టించండి. గ్రీజు, ఇంజన్ ఆయిల్ లాంటివి ముట్టుకోవద్దు, అవి రబ్బరును పాడు చేస్తాయి, పైగా గట్టిగా బ్రేకు వేసినప్పుడు టైరు రిమ్ము మీద జారిపోతుంది. రిమ్ము అంచుకి ప్లాస్టిక్ తొడుగులు పెట్టి, లీవరుతో ఒక్కోసారి రెండు వేళ్ల వెడల్పు మాత్రమే ఎత్తండి, ఎదురు పక్క బీడ్ లోయలో ఉండేలా మోకాలితో తొక్కిపెట్టండి. లీవరు మొరాయిస్తే ఇంకా గట్టిగా లాగాలని కాదు, ఎదురు పక్క బీడ్ లోయలోంచి పైకి వచ్చేసిందని. లీవరు వదిలేసి అటు వెళ్లి మళ్లీ తొక్కండి. ఈ ఒక్కటి అలవాటైతే మిగతాది తేలిక.

పాత టైరు ఊడి వచ్చేశాక రిమ్ము మీద బీడ్ కూర్చునే చోటు శుభ్రం చేయండి, పాత రబ్బరు తుక్కు అక్కడ అంటుకుని ఉంటుంది. రబ్బరు వాల్వ్ అయితే ఇప్పుడే మార్చేయండి, దాని ఖరీదెంత?

కొత్త టైరును ఈలోపు మేడ మీద ఎండలో పెట్టి ఉంచండి. మన ఊరి ఎండని తిట్టుకునేవాళ్లకి దాని ఉపయోగం ఇక్కడ తెలుస్తుంది, ఏప్రిల్, మే నెలల్లో అరగంట చాలు, పక్కగోడ మెత్తబడుతుంది. ఎక్కించే ముందు రెండు చూసుకోవాలి: పక్కగోడ మీది బాణం చక్రం తిరిగే దిక్కుకే ఉందా, పసుపు చుక్క ఉంటే అది వాల్వ్ దగ్గరికి వచ్చిందా. ఆ చుక్క టైరులో తేలికైన చోటు, వాల్వ్ బరువు దాన్ని కొంత సరిచేస్తుంది. బాణం తిరగబడితే పని మొత్తం మళ్లీ మొదటికి.

మొదటి బీడ్ మోకాలితో నొక్కితేనే దిగిపోతుంది. రెండోది ఓపిగ్గా. వాల్వ్‌కు ఎదురు వైపు మొదలుపెట్టి రెండు పక్కల నుంచీ కలుపుకుంటూ రండి. చివరి జానెడు వాల్వ్‌కు కాస్త పక్కగా వచ్చేలా చూసుకోండి, సెన్సర్‌కి లీవరు మొన తగలదు, అది ఉన్న చోట బీడ్‌ను లోయలోకి తొక్కాల్సిన అవసరమూ రాదు. ఆ చివరి జానెడు దగ్గరే అందరూ బలప్రయోగానికి దిగుతారు. దిగొద్దు. మళ్లీ సబ్బు నీళ్లు, ఎదురు పక్క మళ్లీ మోకాలు.

గాలి కొట్టేటప్పుడు వాల్వ్ పిన్ను పెట్టకుండా కొడితే గాలి వేగంగా వెళ్లి బీడ్ త్వరగా కూర్చుంటుంది. ఠప్, ఠప్ అని రెండు చప్పుళ్లు వస్తాయి, కంగారు పడకండి. టైరు మీదికి వంగి మాత్రం ఉండకండి, క్లిప్పు పెట్టి దూరంగా నిలబడి కొట్టండి. టైరు కంపెనీ చెప్పిన గరిష్ఠ గాలి దగ్గరికి వచ్చినా చప్పుడు రాలేదంటే ఇంకో పది కొట్టి చూద్దామనుకోకండి, బీడ్ తీగ తెగి టైరు పేలితే ప్రాణాల మీదికి వస్తుంది. గాలి తీసేసి, మళ్లీ సబ్బు పట్టించి, మొదటి నుంచి. కూర్చున్నాక, రిమ్ము పక్కనే టైరు మీద చుట్టూ సన్నటి గీత కనిపిస్తుంది. అది రిమ్ము అంచుకి అన్ని చోట్లా ఒకే దూరంలో ఉండాలి. ఒక చోట లోపలికి దాక్కుంటే బీడ్ అక్కడ కూర్చోలేదని, రోడ్డు మీద బండి ఎగురుతుంది.

పిన్ను బిగించి, బండి మీద స్టిక్కర్ ప్రకారం గాలి పెట్టి, అంచు చుట్టూ, వాల్వ్ దగ్గరా సబ్బు నురగ పూసి బుడగలు చూడండి. రాత్రంతా వదిలేసి పొద్దున మళ్లీ గేజీ పెట్టండి.

బండికి ఇంకా బిగించొద్దు. వచ్చే పాఠంలో బ్యాలెన్సింగ్, యాక్సిల్ టార్కు (ఇరుసు ఎంత బలంతో బిగించాలో), కొత్త టైరు మీద మొదటి 150 కిలోమీటర్లు ఎలా నడపాలో చూద్దాం. ఇరుసు బిగించడానికి ఆ బలం కొలిచే టార్క్ రెంచి కావాలి, కొనకపోయినా ఎవరైనా ఉస్తాద్ దగ్గర అడిగి పెట్టుకోండి. ఈలోపు ఇంట్లో పాత టైరు, పాత రిమ్ము ఏదైనా ఉంటే రెండుసార్లు ఎక్కించి దించండి, లీవరు పట్టుకున్న చెయ్యి నొప్పి పుట్టని రోజు దాకా.