డిస్కౌంట్ స్టోర్‌లో కొత్తగా మేనేజర్ అయ్యారా? ముందు గోడౌన్‌కి వెళ్లండి

మేనేజర్ కుర్చీ ఎక్కిన మొదటి వారం అందరికీ ఎంట్రన్స్ మీదే కన్ను. ఆఫర్ బోర్డు వంకరగా ఉందా, బెలూన్లు కట్టారా అని చూస్తుంటారు. ఆ పని ఇంకొకరికి అప్పజెప్పండి. ధర తగ్గేది వెనకాల లారీ ఆగే గుమ్మం దగ్గర. పొద్దున్నే మీరు ఉండాల్సింది అక్కడ. బిల్లింగ్‌లో చేరి, ఫ్లోర్ సూపర్‌వైజరై, ఆ మీదట స్టోరే చూసుకున్నదాన్ని. నాకు తెలిసినంతలో చెబుతున్నాను.

ముందు లెక్క. వంద రూపాయలకి అమ్మే డిటర్జెంట్ ప్యాకెట్ 85కి కొన్నామనుకోండి. కంపెనీ వాపసు తీసుకోని సరుకైతే, ఒక్క ప్యాకెట్ తడిసిపోయినందుకు ఇంకో ఆరు అమ్మాలి. అదీ కరెంటు, జీతాలు తియ్యకముందు. అవన్నీ పోగా చేతిలో ఐదు రూపాయలే నిలిస్తే, అమ్మాల్సినవి పదిహేడు. ఈ లెక్క ఫ్లోర్ మీద పిల్లలకి కాగితం మీద వేసి చూపించండి. ‘జాగ్రత్తగా పట్టుకో’ అని రోజుకి పదిసార్లు అరిచేకంటే బాగా ఎక్కుతుంది.

మరి తక్కువ లాభంతో ఎలా గిట్టుతుంది అంటారా? లక్ష రూపాయల సరుకు నూటికి 25 లాభంతో ఏడాదికి ఐదుసార్లు తిరిగితే వచ్చేది లక్షా పాతిక వేలు. నూటికి 15 వేసుకుని పన్నెండుసార్లు తిప్పితే లక్షా ఎనభై వేలు. డీమార్ట్ నడిచేది ఈ దారిలోనే. షేర్ మార్కెట్‌లో పేరున్న పెట్టుబడిదారు రాధాకిషన్ దమానీ 2002లో ముంబయి పొవాయ్‌లో మొదటి స్టోర్ తెరిచారు. కంపెనీ షేర్లు మార్కెట్‌కి వచ్చిన 2017 మార్చికి కూడా స్టోర్లు 131 మాత్రమే. ఎక్కువ భాగం సొంత కట్టడాలు కాబట్టి అద్దె పెరుగుతుందన్న బెంగ తక్కువ. సరఫరాదారుకి డబ్బు త్వరగా కట్టేస్తారు, అందుకని కొనే ధర దగ్గరే తగ్గింపు దొరుకుతుంది. అమెరికాలో కాస్ట్‌కో అనే స్టోర్ల కంపెనీ సరుకు రకాలనే తగ్గించేసింది. స్టోర్ అంత పెద్దదైనా దాదాపు నాలుగు వేల రకాలే పెడతారు. సొంత కట్టడం మీ చేతిలో ఉండదు, సరే. సరఫరాదారు బిల్లు వేళకి ఆఫీసుకి పంపించడం, కదలని రకాన్ని తీసెయ్యడం మీ చేతిలోనే ఉన్నాయి. నాలుగు నెలలుగా దుమ్ము పట్టిన ఓట్స్ రకం కోసం కదిలే కందిపప్పు చోటు తగ్గించకండి.

ఇక గుమ్మం దగ్గర. ఇన్‌వాయిస్‌తో పెట్టెలు లెక్క చూసుకోవడం అందరూ చేస్తారు. దొరికిపోయేది ఎమ్మార్పీ దగ్గర. కంపెనీ ధర పెంచిన నెలలో పాత ఎమ్మార్పీ, కొత్త ఎమ్మార్పీ సరుకు కలిసి దిగుతుంది. బార్‌కోడ్ ఒకటే, ధరలు రెండు. క్యాషియర్ స్కాన్ చేయగానే ఏ ధర అని సిస్టమ్ అడుగుతుంది. వెనకాల క్యూలో పదిమంది ఉంటే ఆ అమ్మాయి పైన కనిపించినదే నొక్కేస్తుంది. తగ్గించి నొక్కితే డబ్బు మనది పోతుంది, పెంచి నొక్కితే కస్టమర్ బిల్లు పట్టుకుని కస్టమర్ సర్వీస్ దగ్గర గొడవకి దిగుతాడు. తప్పు ఆ అమ్మాయిది కాదు, రెంటినీ ఒకే షెల్ఫ్‌లోకి ఎక్కించిన మనది. పాత ధరది అయిపోయేదాకా కొత్తది గోడౌన్‌లోనే ఆపండి. చోటు లేక పైకి తేవాల్సి వస్తే, పొద్దున మీటింగ్‌లో ఆ ప్యాకెట్లు రెండూ చేతికిచ్చి చూపించండి. వాట్సాప్ గ్రూపులో పెడితే ఎవరూ చదవరు.

తేదీల సంగతి తెలిసిందే: కొత్తది వెనక్కి, పాతది ముందుకి. కానీ మన ఆడవాళ్లు మోచేతిదాకా లోపలికి పెట్టి వెనక ప్యాకెట్టే లాగుతారు. షాపింగ్‌కి వెళ్తే నేనూ అంతే. అందుకని పాలు, పెరుగు, బ్రెడ్ షెల్ఫ్‌లో కొత్త బ్యాచ్ పెట్టకండి, పాతది సగానికి పైగా ఖాళీ అయ్యేదాకా ఆగండి. వానాకాలంలో పప్పులు వారానికి సరిపడానే ప్యాక్ చేయించండి. పురుగు పట్టిన ఒక్క పొట్లం గురించి వీధంతా చెప్పుకుంటారు.

మనుషుల విషయానికొస్తే, డిస్కౌంట్ స్టోర్ అంటే జీతాల్లో కోత అనుకునేవాళ్లతో నాకు పడదు. ఐదో తారీఖు సాయంత్రం ఇద్దరు క్యాషియర్లతో నెట్టుకొస్తే, నిండు ట్రాలీ అక్కడే వదిలేసి వెళ్లిపోయేవాళ్లని చూస్తారు. ఒకటి నుంచి పదో తారీఖు దాకా, ఆదివారం సాయంత్రాలు, సంక్రాంతి, దసరా ముందు వారం మనుషులు నిండుగా ఉండాలి. వీక్ ఆఫ్‌లు మంగళ, బుధ, గురువారాల్లో సర్దండి. డ్యూటీ చార్ట్ ఒక వారం ముందే గోడకి అంటించండి. పల్లెల నుంచి వచ్చే పిల్లలకి ఆఖరి బస్సు ఎన్నింటికో అడిగి తెలుసుకోండి. రాత్రి షిఫ్ట్ దాన్నిబట్టి వెయ్యకపోతే పండగకి ఊరెళ్లినవాళ్లు మళ్లీ రారు.

క్యాషియర్‌కి కుర్చీ వెయ్యండి. కేరళ 2018లో, తమిళనాడు 2021లో షాపుల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే సౌకర్యం ఉండాలని చట్టం సవరించాయి. జర్మనీలో ఆల్డీ అనే డిస్కౌంట్ స్టోర్లలో క్యాషియర్లు కూర్చునే బిల్లు కొడతారు, వాళ్లంత వేగంగా కొట్టేవాళ్లు తక్కువ. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి పెడితే లాభం లేదు, కౌంటర్ ఎత్తుకి చెయ్యి అందాలి.

కౌంటర్‌లో డబ్బు తక్కువ వస్తే అక్కడికక్కడే జీతంలో కోసెయ్యడం చాలాచోట్ల చూశాను. ముందు ఒక లాగిన్ మీద ఎంతమంది బిల్లు కొట్టారో చూడండి. టీకి వెళ్తూ పక్కమ్మాయిని కూర్చోబెడితే లెక్క ఎవరిదని తేలుస్తారు? ఒక కౌంటర్, ఒక మనిషి, షిఫ్ట్ మారేటప్పుడు ఇద్దరి ముందూ నగదు లెక్క. యూపీఐ సౌండ్ బాక్స్ మోగందే సరుకు కదలకూడదు, కస్టమర్ స్క్రీన్‌షాట్ చూపించినా సరే.

బయటికి వెళ్లేటప్పుడు బ్యాగ్ చెకింగ్ తప్పదు. మీ బ్యాగ్ మొదట చెక్ చేయించుకోండి. ఆడపిల్లల్ని ఆడ సెక్యూరిటీయే చూడాలి, అదీ కస్టమర్ల ముందు కాదు.

నెలకి 21,000 దాకా జీతం ఉన్నవాళ్లకి ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా, ఉంటుంది. వాళ్ల వాటా 0.75 శాతం, యజమానిది 3.25 శాతం. కోత పడుతోందని ప్రతి ఒక్కరికీ తెలుసు, ఆ కార్డుతో ఏ ఆసుపత్రికి వెళ్లాలో సగంమందికి తెలియదు. చేరిన వారంలోనే కూర్చోబెట్టి చెప్పండి. ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్లదైతే డబ్బు నిజంగా జమ అవుతోందో లేదో మీరే అడగండి.

స్టాక్ లెక్క రాత్రి పూటే పెడతారు. ఆ రాత్రికి ఓవర్‌టైమ్, భోజనం, ఆడవాళ్లు ఇంటికి చేరడానికి బండి ముందుగానే మాట్లాడి స్టోర్ ఖర్చుల్లో రాయండి. ఏరియా మేనేజర్ ప్రశ్నిస్తే, పోయినసారి నిద్రమత్తులో రెండుసార్లు లెక్కపెట్టిన ర్యాక్ షీట్ ముందు పెట్టండి.