చలికాలం గ్యారేజీలో ఎంజీబీ విప్పే ముందు జాగ్రత్తలు

అమెరికాలో పాత ఓపెన్ టాప్ కార్లు చవగ్గా దొరికేది చలి మొదలయ్యే రోజుల్లోనే. ఏళ్ల తరబడి టార్పాలిన్ కింద పడి ఉన్న బండిని మంచు పడేలోగా వదిలించుకోవాలని చూసేవాళ్లు ఎక్కువ. అలా అమ్మకానికి వచ్చేవాటిలో బ్రిటిష్ ఎంజీ కంపెనీ కారు ఎంజీబీ తరచుగా కనిపిస్తుంది. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులోని ఆబింగ్డన్‌లో 5 లక్షలకు పైగా తయారయ్యాయి. వాటిలో చాలా భాగం అమెరికాకే వచ్చాయి. విడిభాగాలు ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. 1798 సీసీ ఇంజను మన అంబాసిడర్ 1489 సీసీ పెట్రోలు ఇంజనుకు దగ్గర చుట్టం, రెండూ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి-సిరీస్ కుటుంబమే. కాబట్టి మొదటి ప్రాజెక్టుకు ఇంతకన్నా మంచి కారు దొరకడం కష్టం.

అయినా సగం విప్పి, డబ్బాల్లో వేసి, మళ్లీ అమ్మకానికి పెట్టిన ఎంజీబీలు ఊరికొకటి ఉంటాయి. చాలాసార్లు కారణం ఒకటే, పని వరస తప్పడం. ఇంజను మీద మోజుతో ముందు బానెట్ ఎత్తుతారు, తర్వాత రంగు వేయిస్తారు, చివర్న కింద చూస్తే రేకు ఉండదు. ముందు కాగితాలు, తర్వాత గ్యారేజీ, తర్వాత బాడీ, ఆ తర్వాత బ్రేకులు, ఇంజను. రంగు, టాపు (మడిచే పైకప్పు) అన్నిటికన్నా చివర. ఈ వరస మార్చొద్దు.

డబ్బు ఇచ్చే ముందు

టైటిల్ (యాజమాన్యపు కాగితం) లేని కారు ఎంత చవకైనా కొనకండి. కారు మీది నంబరు, టైటిల్ మీది నంబరు అక్షరం అక్షరం పోల్చండి. రోడ్‌స్టర్ (ఓపెన్ టాప్ మోడల్) అయితే అది చాలా కార్లలో జీహెచ్‌ఎన్ అని మొదలవుతుంది. 1970ల కార్లలో ఎక్కువవాటికి జీహెచ్‌ఎన్5. జీహెచ్‌డీ అని ఉంటే అది జీటీ, అంటే పైకప్పు ఉన్న మోడల్. దాని కాగితాలు రోడ్‌స్టర్‌కు తగిలించి అమ్ముతుంటే వెనక్కి రండి.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు తయారైన ఏడాది కూడా చూసుకోవాలి. 1975, అంతకు ముందు మోడళ్లకు అక్కడ పొగ పరీక్ష లేదు, 1976 నుంచి 1980 వాటికి ఉంది. పాత యజమాని ఎయిర్ పంపు, ఇతర పొగ నియంత్రణ భాగాలు పీకి పారేసి ఉంటే, ఇంజను ఎంత బాగా తిరిగినా కారు రిజిస్టరు కాదు. ఆ భాగాలు వెతికి కొనడం ఇంజను విప్పడం కంటే పెద్ద పని.

చూడాల్సింది మెరుపును కాదు, తలుపుల కిందనున్న సిల్లులను. టాపు లేని కారు మూత తీసిన అట్టపెట్టె లాంటిది, పైన కట్టు లేదు కాబట్టి నిలబెట్టే బలమంతా అడుగు నుంచే రావాలి. ఎంజీబీకి విడిగా ఛాసిస్ లేదు. తలుపు కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పోయే సిల్లే కారుకు దూలం. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కింద విడి ఛాసిస్ ఉండేది. ఆ కారు తెలిసిన మేస్త్రీ "సిల్లు పోతే ఏముంది, రేకు ముక్క అతికిద్దాం" అంటే, హెరాల్డ్‌కు సరే, ఎంజీబీకి ఆ మాట వినొద్దు.

సిల్లు మూడు పొరలు. బయట కనిపించే రేకు, మధ్యలో నిలువు పలక, లోపలి రేకు. వీటి కింద క్యాసిల్ రైలు అనే పట్టీ. బయటి రేకు కొత్తగా మెరుస్తున్నా మధ్య పలక పొడిపొడిగా రాలుతూ ఉండొచ్చు. అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి సిల్లు పొడవునా జరపండి. పట్టు వదిలిన చోట పుట్టీ ఉంది. కింద క్యాసిల్ రైలును మొద్దు స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి (అమ్మేవాడిని ముందే అడిగి). తర్వాత తలుపు చుట్టూ సందు చూడండి. పైన ఇరుగ్గా, కింద వెడల్పుగా ఉంటే కారు నడుము వంగింది. తలుపు తెరిచి ఉంచి కారు ఒక కొసను జాకీతో కొద్దిగా ఎత్తించండి. అప్పుడు తలుపు పట్టేస్తుంటే ఆ కారులో కొనదగినవి విడిభాగాలే. వెనక ఆకు స్ప్రింగుల ముందు కొస బాడీకి బిగించే చోటును కూడా పొడిచి చూడండి, అక్కడ బురద చేరి తుప్పు మొదలవుతుంది.

న్యూజెర్సీ, మిషిగన్ లాంటి చోట్ల చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అది అక్కడి కారును కిందనుంచి తింటుంది. డల్లాస్, ఫీనిక్స్ కారును ఎండ పైనుంచి తింటుంది, డాష్‌బోర్డు పగిలి, సీట్లు చిరిగి చూడ్డానికి దరిద్రంగా ఉంటుంది. ఆ దరిద్రపు కారునే కొనండి. సీటు కవర్లు పెట్టెలో వస్తాయి. సిల్లులు వేయడానికి మాత్రం ముందు ఫెండర్లు (చక్రాల మీది రేకులు) విప్పి, వెనక ఫెండర్ల కింది భాగం కోయాలి.

గ్యారేజీ

చలికాలపు పనిలో అసలు ప్రమాదం ఇక్కడే. అమెరికాలో చాలా ఇళ్లలో గ్యాస్ వాటర్ హీటరు గ్యారేజీలోనే ఉంటుంది. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు. అది నేలమీద పాకుతూ హీటరు కింది మంటను చేరుతుంది. హీటరును నేలనుంచి 18 అంగుళాల ఎత్తున పెట్టే నియమం అందుకే, కానీ పాత ఇళ్లలో నేలమీదే ఉంటాయి. ట్యాంకు ఖాళీ చేసే పని బయట డ్రైవ్‌వేలో చేయండి. చేతి పంపుతో లాగండి, నోటితో గొట్టం పీల్చొద్దు. ట్యాంకు విప్పాక కూడా లోపల ఆవిరి ఉంటుంది, ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం. దానికి ఇంట్లో వెల్డింగ్ పెట్టొద్దు, కొత్తది కొనండి. ఈ ట్యాంకు ఎక్కువగా పై భాగంలో తుప్పు పడుతుంది. డిక్కీ నేలకూ ట్యాంకుకూ మధ్య మట్టి చేరి తడి ఆరదు. కిందనుంచి చూసి బాగుందని వదిలేస్తే నింపుగా పోసిన రోజు కారుతుంది.

పొడి రసాయనపు ఏబీసీ మంటార్పే సిలిండరును కారు పక్కన కాక, బయటికి వెళ్లే తలుపు దగ్గర పెట్టండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం గ్యారేజీని ఆనుకున్న గదిలో ఉండాలి. చలేస్తోందని తలుపు మూసి ఇంజను స్టార్ట్ చేయడం, కిరోసిన్ హీటరు వెలిగించి పెట్రోలు పని చేయడం, ఈ రెండూ ఒక్కసారి కూడా వద్దు.

బ్రేక్ క్లీనర్ సంగతి చాలామందికి తెలియదు. క్లోరిన్ రకం క్లీనర్‌తో తుడిచిన ఇనుము మీద వెల్డింగ్ చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టొచ్చు. డబ్బా మీద క్లోరిన్ లేనిదని రాసి ఉన్నదే కొనండి, అదైనా పూర్తిగా ఆరాకే టార్చి ముట్టించండి. పాత బ్రేకు షూలు, క్లచ్ పళ్లెంలో ఆస్‌బెస్టాస్ ఉందనే అనుకోండి. డ్రమ్ము విప్పగానే గాలి కొట్టొద్దు, నీళ్లు పిచికారీ చేసి తడిగుడ్డతో తుడిచి, గుడ్డను సంచీలో మూటకట్టి పారేయండి. పాత రంగులో సీసం ఉండొచ్చు, తడిపి రుద్దండి, సన్నటి దుమ్మును ఆపే పీ100 మాస్కు పెట్టుకోండి.

ఎత్తడం

జాకీ ఎత్తడానికే, నిలపడానికి స్టాండ్లు. తుప్పు పట్టిన సిల్లు కింద జాకీ పెడితే అది రేకులోంచి దూసుకుపోతుంది. నాలుగు స్టాండ్లు కాంక్రీటు మీదే పెట్టండి. కిందికి దూరే ముందు కారును భుజంతో గట్టిగా ఊపి చూడండి.

ముందు సస్పెన్షన్‌లో స్ప్రింగు బిగుసుకుని ఉంటుంది, పై చెయ్యి పని చేసేది లీవర్ రకం షాక్ అబ్జార్బరే. దాని బోల్టు ఊడిస్తే స్ప్రింగు తుపాకీ గుండులా వస్తుంది. స్ప్రింగు పళ్లెం కింద జాకీ ఆనించి, పళ్లెం బోల్టుల్లో ఎదురెదురు మూలలవి రెండు తీసి వాటి స్థానంలో పొడవాటి మరల కడ్డీలు వేసి, కొంచెం కొంచెంగా దించండి.

సిల్లులు కోసే ముందు

కారు బరువు సస్పెన్షన్ మీదే ఉండాలి: ముందు స్ప్రింగు పళ్లేల కింద, వెనక ఆక్సిల్ కింద స్టాండ్లు. తలుపులు బిగించి, సందులు సరిచూసి, ఆ స్థితిలోనే తలుపు ముందు స్తంభానికీ వెనక స్తంభానికీ మధ్య అంగుళం చదరపు ఇనుప గొట్టం అడ్డంగా ఒకటి, ఏటవాలుగా ఒకటి వెల్డ్ చేయండి. గొట్టాలు లోపలి వైపు ఉంటే తలుపు మూసి తెరిచి చూసుకోవచ్చు. నడుము వంగి ఉంటే గొట్టం వేసే ముందే సరిచేయాలి. వంకరగా కట్టేసి కోస్తే ఆ వంకర శాశ్వతం.

ఒకేసారి రెండు వైపులా కోయకండి. ఒక వైపు పూర్తిగా అతికి, చల్లారి, తలుపు సరిగ్గా పడ్డాకే రెండో వైపు. ముందు చుక్కలుగా అతికి, తలుపు వేసి చూసి, ఆ తర్వాత అంగుళానికి మించని కుట్లతో చోటు మారుస్తూ వెల్డ్ చేయండి. పాత సిల్లు మీద కవర్ సిల్లు బిగించడం మాత్రం వద్దు, లోపలి తుప్పు తినడం ఆగదు, పైగా కనబడదు.

వెల్డింగుకు ముందు బ్యాటరీ, ఆల్టర్నేటరు రెండిటి తీగలూ విప్పండి. తివాచీలు, కింది ఫెల్టు, పెట్రోలు గొట్టం తీసేయాలి. పని ఆపాక అరగంట అక్కడే ఉండండి. ఫెల్టు ముక్క మెల్లగా రాజుకుని, మీరు భోజనానికి కూర్చున్నాక మంట లేస్తుంది. చివరగా సిల్లు లోపల మైనం పిచికారీ చేసి, నీళ్లు పోయే రంధ్రాలు మూసుకుపోలేదని చూడండి.

కరెంటు

1967 దాకా వచ్చిన ఎంజీబీల్లో బాడీకి కలిసేది బ్యాటరీ పాజిటివ్. ఆ తర్వాతివాటిలో నెగెటివ్. మధ్యలో ఎవరైనా మార్చి కూడా ఉండొచ్చు, కాబట్టి పుస్తకాన్ని నమ్మక తీగ వెంట వెళ్లి చూడండి. పక్క కారు నుంచి జంప్ పెట్టొద్దు. 1974 దాకా సీట్ల వెనక రెండు 6 వోల్టుల బ్యాటరీలు వరసలో ఉంటాయి. ఒకటి తిరగేసి కలిపితే కారుకు కరెంటే రాదు. వాటి పెట్టెల అడుగు కూడా తుప్పుకు ఇష్టమైన చోటు.

ఈ కారులో ఉండే బ్రిటిష్ లూకాస్ కంపెనీ 35 ఆంపియర్ ఫ్యూజు మీది అంకె అది ఎగిరిపోయే అంకె. నిలకడగా మోసేది 17 ఆంపియర్లే. అమెరికన్ 35 ఆంపియర్ ఫ్యూజు తెచ్చి వేస్తే ఫ్యూజుకు బదులు తీగ కాలుతుంది. 17 నుంచి 20 మధ్య వేయండి.

బ్రేకులు, తర్వాత ఇంజను

కదిలే కారు కంటే ఆగే కారు ముందు కావాలి. ముందు రెండు, వెనక ఒకటి ఉండే రబ్బరు గొట్టాలు పైకి బాగున్నా మార్చేయండి. లోపల ఉబ్బి, పెడల్ వదిలినా నూనె వెనక్కి రాక చక్రం పట్టేస్తుంది. క్యాలిపర్లు, వెనక సిలిండర్లు, మాస్టర్ సిలిండరు ఒకేసారి చూడాలి, ఒకదానికి కొత్త సీళ్లు వేస్తే పాతది ఇంకోచోట కారుతుంది. డాట్ 4 బ్రేకు నూనె వాడండి, సిలికాన్ డాట్ 5తో కలపొద్దు. డాట్ 4 ఒలికితే రంగు లేచిపోతుంది, వెంటనే నీళ్లు పోయండి.

ఆగిపోయిన ఇంజనును స్టార్టర్‌తో తిప్పకండి. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో రెండు చెంచాల ఆయిలు వేసి రెండు మూడు రోజులు ఉంచండి. కారు నేలమీద ఉన్నప్పుడు నాలుగో గేరులో కొద్దిగా ముందుకూ వెనక్కీ నెట్టి కదులుతుందేమో చూడండి. కదిలాక కొత్త 20డబ్ల్యు-50 ఆయిలు పోసి, ప్లగ్గులు లేకుండానే స్టార్టర్‌తో తిప్పి గేజిలో ఆయిలు ఒత్తిడి రానివ్వండి. వాల్వు సందు 0.015 అంగుళం, ప్లగ్గు సందు 1974 దాకా వచ్చిన కార్లకు 0.025, పేలే వరస 1-3-4-2.

పెట్రోలు పోశాక ముందు తాళం తిప్పి చెవులు రిక్కించండి. పెట్రోలు తోసే ఎస్‌యూ పంపు టకటకమని కొట్టి ఆగాలి. ఆగకుండా కొడుతుంటే ఎక్కడో కారుతోంది, లేదా కార్బ్యురేటర్ సూది మూసుకోవట్లేదు. పొంగిన పెట్రోలు దిగేది వేడి ఎగ్జాస్ట్ పక్కకే, స్టార్ట్ చేయకండి. ఇక్కడి పెట్రోలులో కలిసే ఎథనాల్ పాత రబ్బరును తినేస్తుంది. ఎస్‌ఏఈ జే30ఆర్9 అని ముద్ర ఉన్న గొట్టమే వేయండి.

చివర్న

రెండు భాగాల రంగులో (గట్టిపరిచే ద్రవం కలిపి వేసేది) ఐసోసయనేట్లు అనే విషపు రసాయనాలు ఉంటాయి, మామూలు కార్ట్రిడ్జ్ మాస్కు ఆపలేదు. బయటినుంచి గాలి అందించే మాస్కు లేకపోతే ఆ పని షాపుకే ఇవ్వండి. టాపు బిగించడం చలిలో వద్దు. వినైలు గట్టిపడి పొట్టిగా పడుతుంది, లాగి గుండీలు కొడితే వేసవిలో వదులవుతుంది, లేదా కుట్టు తెగుతుంది. తలుపులు, అద్దం చట్రం వాటి చోట పడ్డాక, వెచ్చటి రోజున ఎండలో పరిచి బిగించండి.

టైరు మీది నాలుగు అంకెల తేదీ పదేళ్లు దాటితే గాట్లు ఎంత లోతుగా ఉన్నా తీసేయండి. తీగల చక్రాలకు ట్యూబు కావాలి. వాటి మధ్య నట్టులు ఎడమవి ఎడమకే, కుడివి కుడికే. తారుమారైతే నడుస్తుండగానే వదులవుతాయి. నట్టు చుట్టూ ఎర్రటి పొడి కనిపిస్తే లోపలి పళ్లు అరిగాయి, ఆ చక్రంతో రోడ్డెక్కొద్దు. మొదటి 50 మైళ్లు తిరిగాక రాగి సుత్తితో నాలుగూ మళ్లీ బిగించండి.