కొత్తవాళ్లు మీ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో నిలబడాలంటే

ఎవరైనా వచ్చి కోడ్‌లో చెయ్యి వేయగల ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు మీదైతే, ముందు మీ రీడ్‌మీ ఫైలు (ప్రాజెక్టు ఏంటో, ఎలా నడపాలో చెప్పే పరిచయ ఫైలు) తీసి, అనంతపురం హాస్టల్ గదిలో 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌తో, ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేసే ఇంజినీరింగ్ పిల్లల కళ్లతో చదవండి. వాళ్లు ఏ కమాండ్ దగ్గర ఆగిపోతారో అక్కడే మీ పని మొదలు. కోడ్‌లో జరిగిన పాత మార్పుల హిస్టరీ మొత్తం దించుకుంటే డేటా అయిపోతుంది కాబట్టి, కోడ్ దించుకునే గిట్ క్లోన్ కమాండ్‌కు డెప్త్ 1 (చివరి మార్పు వరకే) పెట్టుకోమని అక్కడే రాయండి.

తర్వాత, కోడ్ పెట్టుకునే సైటు గిట్‌హబ్‌లో ‘గుడ్ ఫస్ట్ ఇష్యూ’ (కొత్తవాళ్లు మొదలుపెట్టదగ్గ పని) లేబుల్. ఊరికే అంటిస్తే చాలదు, ఏ ఫైలు, ఏ ఫంక్షన్, ఏం మారాలి అని నాలుగు లైన్లు రాయాలి. ఆ చిన్న పనులు మీరే గబగబా చేసేయకండి, దయచేసి.

పుల్ రిక్వెస్ట్ (తాము చేసిన మార్పును కలుపుకోమని పంపే అభ్యర్థన) వస్తే రెండు రోజుల్లో ఏదో ఒక జవాబివ్వండి. నేను పంపిన మొదటి ప్యాచ్‌కు (కోడ్ మార్పుకు) మూడు నెలలు ఎవరూ పలకలేదు, నేను మళ్లీ అటు వెళ్లలేదు. తప్పుంటే ఏ లైన్లో ఉందో చూపించండి, సరిదిద్దే అవకాశం వాళ్లకే ఇవ్వండి.