పన్నెండో తరగతి పిల్లలతో సొంత ప్రాజెక్టు మొదలుపెట్టించడం ఎలా?

సీబీఎస్‌ఈ పన్నెండో తరగతి ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌కు 30 మార్కులుంటే, అందులో ఇన్వెస్టిగేటరీ ప్రాజెక్టుకు వచ్చేది 3. ఆ మూడు మార్కుల కోసమే అయితే ఇంత రాయాల్సిన పని లేదు. నెట్‌లో దొరికిన ఫైలు ప్రింట్ తీసి, మొదటి పేజీలో పేరు మార్చి, స్పైరల్ బైండింగ్ చేయించి ఇచ్చేసే పిల్లలు ప్రతి బడిలోనూ ఉంటారు. వాళ్లకూ మార్కులు పడుతూనే ఉన్నాయి.

ఇక్కడ చెప్పబోయేది వేరే రకం ప్రాజెక్టు గురించి. ప్రశ్న పిల్లలదే, తిరగడం వాళ్లే, లెక్క తప్పితే సరిచూసుకునేదీ వాళ్లే. ఇంటర్ సెకండియర్ అయినా, స్కూల్లో పన్నెండో తరగతి అయినా పద్ధతి ఒకటే. విశాఖలో ఇలాంటి పని మొదలుపెట్టించాలనుకునే టీచర్లకు, అమ్మానాన్నలకు, పక్కింట్లో బీటెక్ చదివే అన్నయ్యలకూ అక్కయ్యలకూ ఇది. మొదలుపెట్టించడం వరకే చెబుతాను. కష్టమంతా అక్కడే ఉంది.

1. ముందు క్యాలెండర్ చూడండి, తర్వాతే టాపిక్

జనవరి వచ్చిందంటే ప్రాక్టికల్స్, ప్రీఫైనల్స్, వాటి వెనకే బోర్డు పరీక్షలు, జేఈఈ, ఈఏపీసెట్. కాబట్టి చేతిలో ఉన్నది జూన్ నుంచి దీపావళి దాకా. వారానికి మూడు గంటలు, ఎప్పుడూ అదే రోజు, అదే వేళ. అంతకన్నా ఎక్కువ అడిగితే ఇంట్లో ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడంలో తప్పు కూడా లేదు. "ర్యాంకు పోతుందండీ" అనే నాన్నగారికి ఉపన్యాసం ఇవ్వకండి. ఆ మూడు గంటలు వీక్లీ టెస్ట్ అయిపోయిన మధ్యాహ్నం పెట్టుకున్నామని చూపిస్తే టెన్షన్ సగం తగ్గుతుంది.

నెలలు చూసుకోకపోవడం వల్ల మంచి టాపిక్‌లు కూడా చెడిపోతాయి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరంలో గుడ్లు పెట్టేది ఎక్కువగా జనవరి నుంచి మార్చి మధ్య. సరిగ్గా అప్పుడే పిల్లలు హాల్‌టికెట్ల కోసం తిరుగుతుంటారు. టాపిక్ బంగారమే, నెలే కుదరదు. ఫస్టియర్‌లో ఉన్న తమ్ముళ్లకు చెప్పండి.

అదే చేపల వేట నిషేధం చూడండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లు కదలవు. వేసవి సెలవుల్లో వారానికోసారి మార్కెట్‌కు వెళ్లి వంజరం, చందువా కిలో ధర రాసుకుని, బోట్లు మళ్లీ వేటకు వెళ్లాక అదే బుట్ట దగ్గర, అదే వేళకు ధర రాసుకుంటే, కామర్స్ పిల్లలకు కాలేజీ తెరిచేసరికే సగం డేటా చేతిలో ఉంటుంది.

2. టాపిక్ అడగకండి, ప్రశ్న అడగండి

ఒక వారం పాటు పిల్లలు చేయాల్సింది ఒక్కటే. ఇంటి నుంచి కాలేజీకి వెళ్లే దారిలో "ఇదెందుకిలా ఉంది?" అనిపించిన ప్రతిదీ చిన్న నోట్‌బుక్‌లో రాసుకోవడం. ఆ వారం తర్వాత కూర్చోబెట్టి మాట్లాడండి. మాట ఇలా సాగితే మంచిది:

"మేడమ్, వైజాగ్‌లో ఎయిర్ పొల్యూషన్ మీద చేస్తాను."

"అదే ఎందుకమ్మా?"

"మాది వన్‌టౌన్ మేడమ్. డాబా మీద ఆరేసిన తెల్లబట్టలు నల్లగా అయిపోతాయి."

"రోజూనా?"

"రోజూ కాదు. కొన్ని రోజులు అస్సలు ఉండదు."

"ఏ రోజుల్లో ఉండదు?"

"అది… ఎప్పుడూ చూడలేదు మేడమ్."

ఇక్కడ ఆగిపోండి. ప్రాజెక్టు దొరికేసింది. ఎయిర్ పొల్యూషన్ అనే కొండంత టాపిక్, "మా డాబా మీద ఏ రోజుల్లో ఎక్కువ దుమ్ము పడుతోంది?" అనే గోరంత ప్రశ్నగా మారింది. ఈ దశలో పెద్దవాళ్లు చేసే పెద్ద పొరపాటు, జవాబు తమకు తెలుసు కాబట్టి చెప్పేయడం. "గాలి పోర్టు వైపు నుంచి వస్తే పడుతుంది" అని మీరు అనేస్తే ఆ పిల్లకు మిగిలేది మీ మాటను నిరూపించే కూలిపని. నోరు కట్టేసుకోండి.

దీనికి సామాను కూడా పెద్దగా అక్కర్లేదు. గాజు స్లైడుకు పల్చగా వాజిలిన్ రాసి, డాబా మీద ఎత్తైన చోట ఒక రోజంతా ఉంచి, కాలేజీ ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద రేణువులు లెక్కపెట్టడమే. ఒక్కో స్లైడు మీద ఐదారు చోట్ల చూసి సగటు తీయాలి. పగలు గాలి సముద్రం మీంచి నేల వైపు, రాత్రి నేల మీంచి సముద్రం వైపు వీచడం తీరప్రాంతాల్లో మామూలే కాబట్టి, పగటికో స్లైడు, రాత్రికో స్లైడు పెడితే ఇంకా బాగుంటుంది. ఒక్క జాగ్రత్త: ఎంత దుమ్ము పడిందో స్లైడు చెబుతుంది, ఎవరి దుమ్మో చెప్పదు. రిపోర్టులో ఆ గీత దాటనివ్వకండి.

సైన్స్ పిల్లలకే కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరిని ఊడ్చేసినప్పుడు కూలిన చెట్ల గురించి ప్రతి వీధిలోనూ చెప్పేవాళ్లున్నారు. "మా వీధిలో ఆ చెట్లు ఉన్న చోట ఇప్పుడేముంది?" అన్నది ఆర్ట్స్ పిల్లలకు చక్కటి ప్రశ్న. నడిచి, అడిగి, మ్యాప్ గీస్తే చాలు.

3. ఒక్కరోజు ట్రయల్ వేయించండి

నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. జనం ఎక్కువగా వదిలేసేదీ ఇదే.

ఆర్కే బీచ్ కోతకు గురవుతోందని అందరూ వింటూనే ఉన్నారు. పోర్టు ఔటర్ హార్బర్ గోడలు దక్షిణం నుంచి వచ్చే ఇసుకకు అడ్డుపడటం, డ్రెడ్జింగ్‌లో (అడుగున పేరుకున్నది తవ్వి తీయడంలో) వచ్చిన ఇసుకను మళ్లీ బీచ్‌లో పోయడం, ఇవన్నీ ఉన్న కథే. ఒక కుర్రాడు "ప్రతి ఆదివారం ఉదయం ఆరింటికి బీచ్ వెడల్పు కొలుస్తాను సార్" అంటాడు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ సముద్రానికి రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు వస్తాయి. ఆ వేళలు రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతాయి. వారానికి దాదాపు ఆరు గంటలు. అంటే ఈ ఆదివారం ఆరింటికి నిండు పోటు ఉంటే, వచ్చే ఆదివారం ఆరింటికి ఇంచుమించు ఆటు. మన కుర్రాడి గ్రాఫ్ రంపంలా పళ్లుపళ్లుగా వస్తుంది, అందులో కోత కనిపించదు, ఆటుపోట్లే కనిపిస్తాయి.

ఇది అక్టోబరులో బయటపడితే ప్రాజెక్టు పోయినట్టే. జూలైలోనే తెలియాలంటే, ఒకరోజు అదే చోట పొద్దున్న ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలవమనండి. తాడుకు మీటరుకో ముడి వేసుకుని, బీచ్‌రోడ్డు గోడ నుంచి తడి గీత దాకా. ఒక్కరోజులోనే అంకెలు అంత తేడా వస్తే, "సార్, ఇలా కాదు" అని తనే అంటాడు. టైడ్ టేబుల్ (ఆటుపోట్ల వేళల పట్టిక) వెతుక్కుని ఆటు వేళలోనే కొలవాలన్న ఆలోచన తనకే వస్తుంది. మీరు క్లాసు పీకక్కర్లేదు.

4. ఒక పేజీ రాయించండి

ప్రశ్న ఏమిటి, ఏం కొలుస్తాను లేదా ఎవరిని అడుగుతాను, ఎక్కడ, ఎన్నిసార్లు, కుదరకపోతే ఏం చేస్తాను. ఇవి ఒకే పేజీలో పట్టాలి. తెలుగులో రాస్తే మరీ మంచిది. అర్థం కానిదాన్ని ఇంగ్లిష్‌లో పెద్ద పెద్ద మాటల వెనక దాచేయొచ్చు, అమ్మకు చదివి వినిపించే తెలుగులో దాచడం కష్టం.

5. మనుషుల దగ్గరికి పంపండి, అనుమతులు మరచిపోకండి

ముందు ఆఫీసులు వద్దు. చేపలమ్మే అమ్మలు, ఆటో అన్నయ్యలు, వీధిలో ముప్పై ఏళ్లుగా కొట్టు నడిపే బాబాయిలు, వీళ్లతో మొదలుపెట్టాలి. "అమ్మా, నేను కాలేజీలో చదువుతున్నాను, ప్రాజెక్టు కోసం రెండు మాటలు అడగొచ్చా?" అనడం ఇంట్లో ఒకసారి ప్రాక్టీస్ చేయించండి. నవ్వుతారు గానీ, సిగ్గు అలాగే పోతుంది. బేరాల రద్దీ వేళలో మాత్రం వెళ్లకూడదు.

ఆ తర్వాత ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయం, విశాఖ మ్యూజియం, ఆంధ్రా యూనివర్సిటీలో సంబంధిత డిపార్ట్‌మెంట్. యూనివర్సిటీకి వెళ్లేటప్పుడు ప్రిన్సిపాల్ సంతకంతో చిన్న ఉత్తరం ఉండాలి. అందులో "సహకరించగలరు" అని వదిలేయకుండా "ఈ మూడు ప్రశ్నలకు, ఇరవై నిమిషాలు" అని రాస్తే పని జరిగే అవకాశం ఎక్కువ.

కొన్ని హద్దులు మొదటిరోజే చెప్పాలి. నేవీ ప్రాంతాల దగ్గర ఫోన్ తీసి ఫోటోలు తీయకూడదు. ఎర్రమట్టి దిబ్బల్లో తవ్వకూడదు, ఇసుక సంచిలో వేసుకురాకూడదు. కంబాలకొండ అభయారణ్యం, కాబట్టి లోపల ఏ పనికైనా అటవీశాఖను అడగాలి. సముద్రంలోకి మోకాలి లోతు కూడా దిగొద్దు, ఒంటరిగా అసలే వెళ్లొద్దు. ఈ చివరిదాని మీద నేను బేరం ఆడను.

6. లాగ్‌బుక్

కుట్టిన నోట్‌బుక్ కావాలి, విడి కాగితాలు వద్దు. తేదీ, వేళ, చోటు, చూసింది, వచ్చిన డౌట్. కొట్టివేతలు ఉండనివ్వండి, ఫెయిర్ చేయనివ్వకండి.

చాట్‌జీపీటీ గురించి ఎలాగూ అడుగుతారు. నిషేధిస్తే చాటుగా వాడతారు. లాగ్‌బుక్‌లో ఆ రోజు పని రాసుకున్నాకే దాన్ని తెరవాలి, అడిగింది కూడా రాసుకోవాలి అని నియమం పెట్టండి. వన్‌టౌన్ డాబా మీద మంగళవారం ఎన్ని రేణువులు పడ్డాయో దానికి తెలియదు కదా.

7. తర్వాత పక్కకు జరగండి

మొదటి నెల వారానికోసారి, ఆపైన పదిహేను రోజులకోసారి కలిస్తే చాలు. కలిసినప్పుడు లాగ్‌బుక్ తెరిచి మూడే అడగండి: కొత్తగా ఏం చూశావు, ఏది కుదరలేదు, వచ్చేవారం ఏం చేస్తావు. "ఏమీ చేయలేదు సార్" అన్నా తిట్టకండి, మూడో ప్రశ్నకు వెళ్లండి. వరసగా మూడుసార్లు అదే జవాబు వస్తే ప్రశ్న ఇంకా పెద్దదిగా ఉందని అర్థం. బద్ధకం కన్నా ఇదే ఎక్కువ సార్లు కారణం.

ఆరంభశూరత్వం తగ్గాక టాపిక్ మార్చేస్తామని చాలామంది వస్తారు. ఆగస్టు 15 దాకా మార్చుకోనివ్వండి. ఆ తర్వాత టాపిక్ మారదు. ప్రశ్నను చిన్నది చేసుకోవడం మాత్రం ఎప్పుడైనా సరే. పది వీధుల చెట్ల లెక్క రెండు వీధులకు తగ్గినా ఫర్వాలేదు, ఆ రెండు వీధుల లెక్క సరిగ్గా ఉంటే.